రెండో గ్లాసు ఆకుల నీళ్లు

మొన్న మా కోడలు ఆన్‌లైన్‌లో ఒక అట్టపెట్టె తెప్పించుకుంది. విప్పి చూస్తే లోపల చిన్న చిన్న సంచులు, ఒక్కోదానికీ ఒక దారం, దారం చివర ఓ కాగితం ముక్క. వేణ్ణీళ్లలో ముంచుకుని తాగితే గాబరా తగ్గి మనసు కుదుటపడుతుందట. పాపం ఇంట్లో కూర్చునే కంపెనీ ఉద్యోగం చేస్తుంది, నెలాఖరు వచ్చిందంటే చెవులకి ఆ యంత్రం తగిలించుకుని ఎవరెవరికో సంజాయిషీలు చెబుతూనే ఉంటుంది, తన అవస్థ తనది, నేను కాదనను. కానీ ఆ సంచీ కప్పులో పడగానే గుప్పుమని వచ్చిన వాసన మాత్రం నాకు కొత్తది కాదు. అది నిమ్మగడ్డి. గేదె కూడా వాసన చూసి మూతి తిప్పుకునే గడ్డికి ఎంత ముస్తాబు చేశారర్రా అని నవ్వొచ్చింది. కోడలు నాకో కప్పు, వాళ్ల మావయ్యగారికో కప్పు ఇచ్చింది. నేను తాగాను. మా ఆయన మాత్రం కప్పు అలాగే బల్ల మీద పెట్టేసి, పేపరు చేతపట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్లిపోయారు. కోడలు చిన్నబుచ్చుకుంది. ఆయనకి ఆ రుచి పడదులే అమ్మా అని సర్దిచెప్పాను గానీ, అసలు సంగతి రుచి కాదు.

మా పుట్టిల్లు యానాంలో ఫరంపేట. ఇంటి నుంచి గోదావరి రేవుకి పావుగంట నడక. మా నాయనమ్మ చిన్నతనంలో ఫ్రెంచి దొరగారింట్లో వంటింటి పని చేసిందట. భోజనాలయ్యాక దొరసాని ఏవో ఆకులు వేణ్ణీళ్లలో వేసి, మూతపెట్టి, కాసేపాగి తాగేదనీ, దాన్ని తిజాను అనేదనీ చెప్పేది. దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు, జెండా మారింది, మా నాయనమ్మకి మాత్రం ఆ నీళ్లు మిగిలాయి. అయితే ఆవిడ ఊరుకునే మనిషా! నిమ్మగడ్డికి తోడు రెండు తులసాకులు వేసింది, శొంఠి దంచి వేసింది, ధనియాలు వేసింది, పైన తాటిబెల్లం ముక్క వేసింది. దొరసాని గనక మళ్లీ వచ్చి తాగితే అది తను నేర్పిందేనని గుర్తుపట్టేది కాదు. యానాంలో గ్లాసు అనగానే బయటివాళ్లు మందు గ్లాసనుకుని నవ్వుతారు గానీ, మా ఇంట్లో గ్లాసంటే ఇదే.

వీధిలోవాళ్లు ముసలమ్మ ఆకుల నీళ్లని వెక్కిరించేవారు. వెక్కిరించినవాళ్లే కష్టం వస్తే మా గుమ్మంలోనే కూర్చునేవారు. తుఫాను పట్టి వేటకెళ్లిన పడవలు తిరిగి రాకపోతే ఆడవాళ్లు మా అరుగు మీదే చేరేవారు. పాండిచ్చేరి నుంచి ఉద్యోగం కాగితం రావాల్సిన కుర్రాడు పోస్టుమాను వచ్చేదాకా మా ఇంట్లోనే కాళ్లూపుకుంటూ కూర్చునేవాడు. నాయనమ్మ ఏమీ అడిగేది కాదు, ఏమీ కాదులే అని ధైర్యమూ చెప్పేది కాదు, గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుకునేది. ఆ కాస్త వేడి కడుపులో పడితే మనిషి మళ్లీ మనిషవుతాడని ఆవిడ సిద్ధాంతం. సిద్ధాంతం అన్నాను గానీ, నిజానికి ఆవిడకి బోలెడు మొండితనం.

ఆ మొండితనంలోంచే ఒక నియమం పుట్టింది. మా ఇంటికి ఎవరు కబురు తెచ్చినా, మంచిదైనా చెడ్డదైనా, ముందు గ్లాసు ఖాళీ చేసి తరవాతే నోరు విప్పాలి. దానికో కారణం లేకపోలేదు. ఒకసారి గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర తాతయ్య పడవ బోల్తా పడిందని ఎవరో వీధిలోంచే రొప్పుతూ కేకేశారట. నాయనమ్మ వెర్రిదానిలా పరిగెత్తబోయి మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. సాయంత్రానికి తాతయ్య తడిసిన పంచెతో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు, ఏడీ అన్నం అన్నాడు. ఆయనకి ఏమీ కాలేదు, నాయనమ్మ చెయ్యి మాత్రం జీవితాంతం వంకరగానే ఉండిపోయింది. రొప్పుతూ చెప్పిన కబురు ఒకటికి రెండవుతుందని అప్పట్నించీ ఆవిడ పట్టుదల. ఇంటాబయటా అందరూ ఆ నియమానికి అలవాటుపడిపోయాం. నాకు పదిహేనేళ్లు వచ్చేసరికి గ్లాసులందించే పని నాది. నా చేతి నీళ్లు బాగున్నాయని ఎవరైనా అంటే ఆ రోజంతా నేల మీద నడిచేదాన్ని కాదు.

నాకు ఒక అక్క, ఐదేళ్లు పెద్ద. ఏటికి అవతల, ఎదుర్లంక దగ్గర పల్లెలో ఇచ్చారు. అప్పటికింకా వంతెన లేదు, ఇవతలి నుంచి అవతలికి లాంచీయే గతి. తొలి పురుడు పుట్టింట్లో పోసుకోవాలి కదా, ఏడో నెలలోనే తీసుకొద్దామని నాన్న బయల్దేరితే గోదారికి వరదొచ్చి లాంచీలు ఆపేశారు. వరద తీసేసరికి ఎనిమిదో నెల వచ్చింది, ఎనిమిదో నెలలో ఏరు దాటించకూడదని రెండు వైపులా పెద్దవాళ్లు పట్టుబట్టారు. తొమ్మిది పెట్టగానే తెచ్చుకుందామని మంచిరోజు కూడా చూసుకున్నారు. ఇంతలో గోదారి మళ్లీ పొంగడం మొదలుపెట్టింది.

అలా ఉండగా ఒక రోజు నాన్న కాకినాడ వెళ్లాడు. మధ్యాహ్నం నాలుగు దాటాక బావగారి తమ్ముడు వచ్చాడు, ఇరవై రెండేళ్లవాడు, మోకాళ్ల దాకా బురద, పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు. వరద రోజులు కదా, ఆయన దిగిన లాంచీయే ఓ గంట రేవులో ఆగి జనాన్ని ఎక్కించుకుని తిరిగి వెళ్తుంది, అదే ఆ పూటకి ఆఖరిది. ఆ సంగతి ఆయనకి తెలుసు, మాకు తెలియదు. నోరు తెరవబోతే నాయనమ్మ చెయ్యడ్డం పెట్టింది. ముందు తాగు బాబూ, కబురెక్కడికీ పోదు అంది. కొత్త వియ్యాలవారి ఇల్లు, పెద్దావిడ మాట, ఎలా కాదంటాడు? ఆయ్, అలాగేనండి అని బల్ల మీద కూర్చున్నాడు. నాయనమ్మ తనే మొదటి గ్లాసు ఇచ్చి, పెరట్లో బట్టలుతుకుతున్న అమ్మని పిలవడానికి దొడ్డివైపు వెళ్లింది.

నేను ఎదురుగా నిలబడ్డాను. పొగలు కక్కుతున్న నీళ్లు ఊదుకుంటూ ఊదుకుంటూ తాగాడు. గ్లాసు ఖాళీ అయింది. మూతి తుడుచుకుని నా వంక చూశాడు, ఏదో చెప్పబోయాడు. చివరికి చాలా బాగుందండి అన్నాడు. నా ఆనందం ఏం చెప్పను! అది నేను కాచినది. అడగనైనా అడగకుండా గిన్నె ఎత్తి మళ్లీ నిండా పోసేశాను. ఆయన వద్దనలేదు, గ్లాసు వెనక్కి తీసుకోలేదు. అమ్మా నాయనమ్మా వచ్చి గుమ్మంలో నిలబడేసరికి గ్లాసు నిండుగా ఉంది. ఇంకా మొదటిదే తాగుతున్నాడనుకున్నారు. అమ్మ చెంగు నలుపుకుంటూ నిలబడింది తప్ప ఒక్క మాట అడగలేదు, మా ఇంటి నియమం అలాంటిది మరి. ఆయన ఆ గ్లాసుని గుక్కగుక్కకీ ఆగి ఆగి తాగాడు.

అప్పుడు చెప్పాడు. నిన్న సాయంత్రం నుంచీ అక్కకి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగాడని మంత్రసాని అంటోంది, అక్క అమ్మా అమ్మా అంటోంది, అమ్మని ఈ లాంచీకే తీసుకురమ్మన్నారు. అమ్మ తడిచీరతోనే పరిగెత్తింది, వెనకాల ఆయన, ఆయన వెనకాల నేను. రేవులో దిగేసరికి లాంచీ సగం ఏరు దాటిపోయింది. అమ్మ నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి చేతులూపింది. ఆ మోతలో ఎవరు వింటారు? తరవాత నాయనమ్మ ఆయాసపడుతూ వచ్చి, వంకర చెయ్యి జోడించి దణ్ణం పెట్టి నాటు పడవలవాళ్లని బతిమాలింది. ఆ ఉరవడిలో చీకటిపడే వేళ పడవ వెయ్యలేమమ్మా, అందరం పోతాం అన్నారు. వాళ్ల తప్పేం లేదు. తెల్లారి మొదటి లాంచీకి వెళ్లేసరికి మగపిల్లాడు పుట్టి పోయాడు. అక్క బతికింది.

మరునాడే నాయనమ్మ పెరట్లో నిమ్మగడ్డి దుబ్బుని గునపంతో పెళ్లగించి పారేసింది. ఇక ఆ నియమమూ లేదు, ఆ గ్లాసూ లేదు. అమ్మ ఏడాది పాటు అత్తగారితో మాట్లాడలేదు, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టి మాట్లాడుకున్నారు. నా వల్లేనే, నా పాడు నియమం వల్లేనే అని నాయనమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని ఏడ్చేది. రెండో గ్లాసు పోసింది నేనని నాకు తెలుసు. చెప్పలేదు. ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది, అమ్మ మొహం చూసి మింగేశాను. నాయనమ్మ ఆ తప్పంతా తనదేననుకుంటూ మూడేళ్లకి పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది నాకు.

నాయనమ్మ పోయిన మరుసటేడు నన్ను కూడా అక్క ఇంటికే ఇచ్చారు, ఆ కబురు తెచ్చిన ఆయనకే. అక్కచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉంటే మంచిదన్నారు. కొన్నాళ్లకి ఆయనకి యానాంలో ఉద్యోగం వచ్చి కనకాలపేటలో ఇల్లు కట్టుకున్నాం. పిల్లలు పుట్టారు, పెరిగారు. ఆయన మంచి మనిషి, కాస్త మితభాషి. ఎవరింటికెళ్లినా టీ ఒక్కసారే, రెండోసారి పోయబోతే గ్లాసు మీద చెయ్యి పెట్టేస్తారు. నేను ఎందుకండీ అని ఎన్నడూ అడగలేదు. ఆ సాయంత్రం గురించి మేమిద్దరం పాతికేళ్లకు పైగా ఒక్క మాట మాట్లాడుకోలేదంటే నమ్ముతారా!

గోదారి మీద వంతెన తెరిచిన కొత్తలో ఊరంతా తీర్థానికెళ్లినట్టు దాని మీద నడవడానికి వెళ్లింది. మేమూ వెళ్లాం. సగం దూరం వెళ్లాక ఆయన ఆగి, కమ్మీ పట్టుకుని నీళ్లవైపు చూస్తూ, లాంచీ టైము నాకు తెలుసు అన్నారు. తప్పంతా మీ నాయనమ్మ మీదికి తోసేశాను గానీ, మొదటి గ్లాసయ్యాక నేను చెప్పేసి ఉండొచ్చు, మీ అమ్మతో ఆ మాట ఎలా అనాలో తెలియక రెండోది తీసుకున్నాను, అది చేతిలో ఉన్నంతసేపూ చెప్పక్కర్లేదు కదా అనిపించింది అన్నారు. అడక్కుండా పోసింది నేనండీ అన్నాను. పక్కనించి జనం ఐస్‌ఫ్రూట్లు తింటూ వెళ్తున్నారు. మేమిద్దరం ఎవరి తప్పు వాళ్లు పట్టుకుని అలా నిలబడిపోయాం. తరవాత ఆయనే, పద, వదినతో చెప్పేద్దాం అన్నారు.

అక్క పెరట్లో పీటేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. ఇద్దరం ఆవిడ ముందు నిలబడి, బడిలో దొంగతనం ఒప్పుకునే పిల్లల్లా మొత్తం చెప్పేశాం. తిడుతుందనుకున్నాను. లేదంటే, పోనిద్దురూ, దేవుడు రాసిపెట్టింది అంటుందనుకున్నాను. రెండూ అనలేదు. చేతిలో రొయ్య ఒలవడం పూర్తి చేసి గిన్నెలో వేసింది.

“పిల్లాడి సంగతి నాకు మధ్యాహ్నానికే తెలిసిపోయిందే. మంత్రసాని మొహం చూస్తే తెలీదా? వాణ్ని బతికించడానికి కాదు నేను అమ్మని రమ్మంది. నాకు భయమేసింది. రాత్రంతా పక్కన కూర్చుంటుందని రమ్మన్నాను.”

అంతే అంది. అన్నం తిని వెళ్దురుగాని, కాళ్లు కడుక్కోండి అని లోపలికి వెళ్లింది. నేను ఆ పెరట్లోనే కూలబడి భోరుమని ఏడ్చాను. ఇన్నేళ్లూ పోయిన పిల్లాడికి నేను కారణమేమోనని కుమిలాను గానీ, బతికి ఉన్న అక్క ఆ రాత్రి ఒంటరిగా ఎలా పడుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇప్పుడు కబుర్లకి మనిషితో పని లేదు. ఫోను టింగుమంటుంది, నిలబడ్డచోటే చదువుకుంటాం, రొప్పుతూ వచ్చేవాడూ లేడు, కూర్చోబెట్టేవాళ్లూ లేరు. తొందరగా తెలియడం మంచిదే, ఆ విలువ మా ఇంటికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వచ్చే వారం అక్కకి కంటి ఆపరేషను. అరగంట పని, ఈ వయసులో మీరెందుకు అత్తయ్యా, వీడియోలో చూసి మాట్లాడొచ్చు కదా అంటుంది కోడలు. మంచికే అంటుంది. నేనూ మా ఆయనా అప్పుడే సంచీ సర్దేసుకున్నాం, నాలుగు రోజులు అక్క మంచం పక్కనే ఉండి వస్తాం. ఆ రోజుల్లో ఏరు దాటించే లాంచీ లేక వెళ్లలేకపోయేవాళ్లం. ఈ రోజుల్లో ఏరు దాటే అవసరమే లేదనుకుని వెళ్లడం మానేస్తున్నాం.