విత్తనానికి ఉంచిన పేగు

జగ్గయ్యపేట నుంచి నందిగామ దారిలో ఏ పెట్రోల్ బంకులో మరుగుదొడ్డి ఉందో, దేనికి తాళం వేస్తారో నాకు తెలిసినంతగా బస్సు డ్రైవర్లకు కూడా తెలియదు. నందిగామ బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పెద్దపేగులో పుళ్లు పడి రక్తం పోయే జబ్బు నాది. పిల్లలకు బోర్డు మీద లెక్క ఇచ్చి పరిగెత్తేదాన్ని. పీరియడ్ మొత్తం నిలబడితే ఆ రోజు నాకు పండగ.

మందులు పనిచేయడం మానేశాక విజయవాడ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. పెద్దపేగు తీసేయాలి. ఇప్పుడే చేయించుకుంటే చిన్నపేగు చివరను మలచి కింద కలపొచ్చు, మలం పోవడానికి పొట్టకు తగిలించే సంచి కొన్ని నెలలే. ఆలస్యమైతే కలపడం కుదరకపోవచ్చంది. పైకి సరేనన్నాను.

ఆ వారమే మా ఆయన ఫోన్లో ఒక వార్త చదివారు. మనిషి సొంత కణాలతో ల్యాబులో పేగు పెంచుతున్నారట, రేపో మాపో రోగులకు అమరుస్తారట. మాకు పేట దగ్గర మిరప చేను ఉంది. మొదటి కోతలో మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసి మరుసటి ఏటికి విత్తనం ఉంచడం మా మామగారి నాటి అలవాటు. ఇంట్లో కారం నిండుకున్నా ఆ మూట ఎవరూ ముట్టుకోరు.

"పేగంతా కోయించేసుకుంటే రేపు పెంచడానికి విత్తనం ఎక్కణ్ణుంచి తెస్తారే? కాస్త ఓపిక పట్టు," అన్నారు.

నవ్వాల్సింది. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ మాట సబబుగానే తోచింది. నిజానికి కత్తంటే నాకూ భయమే. ఆపరేషన్ వాయిదా వేసి ఆయన మాట చాటున దాక్కున్నాను.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం క్లాసులోనే కుప్పకూలాను. పేగుకు చిల్లు పడిందన్నారు. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, సంచి మాత్రం జీవితాంతం ఉంటుందన్నారు. అప్పుడు మా ఆయన చేతులు కట్టుకుని డాక్టరమ్మను అడిగారు, విత్తనానికి కొంచెం ఉంచారా అండీ అని.

"దానికి చిటికెడు ముక్క చాలండి. రక్తంతో కూడా మొదలుపెడుతున్నారు. అయినా అదింకా ప్రయోగాల్లోనే ఉంది. ముందే నన్నడిగితే చెప్పేదాన్ని కదా!" అంది.

మిరప నారు కొనేముందు పదిమందిని వాకబు చేసే మనిషి, నా పేగు గురించి ఒక్కరిని అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన మీద ఎంత కోపమో నా మీదా అంతే.

ల్యాబు పేగు వస్తుందనే నమ్ముతున్నాను. రావాలి కూడా. ఏ క్లాసులోనో కడుపు పట్టుకుని కూర్చునే పిల్లకి అది అందాలి. కానీ ఆ వార్తలు రాసే మహానుభావులు కింద ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? అందాకా డాక్టరు చెప్పింది మానొద్దని.

మొన్న భోజనానికి కూర్చుంటూ ఆయన మళ్లీ ఫోన్ చూపించారు.

"ఇంకెంతో కాలం పట్టదట."

నేను కారప్పొడి, నెయ్యి వడ్డించాను. రెండు ముద్దలు తిని బాగుందన్నారు. తలెత్తి దూలం వైపు చూశారు.

"విత్తనం మూటేదీ?"

"మీ కంచంలోనే ఉందండి."

ఆయన ఫోన్ బోర్లించి, కలిపిన అన్నమంతా వదలకుండా తిన్నారు. నాకు జాలి కలగలేదు. నా మజ్జిగన్నం ముగించి, సంచి మార్చుకోవడానికి లేచాను.