మైసూర్‌దే తెమ్మన్నాను

నా పరువు ఒకసారి పోయింది. ఇంట్లో గుట్టుగా పోయి ఉంటే ఇప్పుడు మీకు చెప్పేవాణ్ని కాదు. అది హైదరాబాద్‌లో, అబిడ్స్ నడిబజారులో, నిలువెత్తు గాజు అద్దం వెనక, దారిన పోయేవాళ్లు సైకిళ్లు దిగి మరీ చూస్తుండగా పోయింది. పోతున్న సంగతి చివరిదాకా తెలియనివాణ్ని నేనొక్కణ్నే. దర్జాగా కాలు మీద కాలేసుకొని కూర్చున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. తాండూరులో మా నాన్న వెంట బండల వ్యాపారం చూసుకుంటున్నాను. పెళ్లయి ఆరు నెలలైంది. అత్తగారిది పెద్దేముల్. మా బామ్మర్దికి పెళ్లి కుదిరితే, బట్టల సంగతి మాట్లాడడానికి మామ మా ఇంటికి వచ్చాడు.

"గీసారి పట్నం పోయి కొందమనుకుంటున్న" అన్నాడు మామ. "పెద్దల్లుడు వికారాబాద్‌ల మాస్టర్ గదా, సదువుకున్నోడు. ఆయన్ను తోలుకపోత."

నాకు పచ్చిమిరపకాయ కొరికినట్టయింది.

"ఆయనెందుకు మామా? నేను లేనా?"

"నీకు పట్నం ఎరుకనా అల్లుడా?"

"అబిడ్సా? మా పెరడు లెక్క. కండ్లు మూస్కొని తిరుగుత."

ఇక్కడ నిజం చెప్పేస్తాను, మీరు మామకు చెప్పరు కనుక. అంతకుముందు నేను అబిడ్స్ చూసింది ఒక్కసారే. మా చిన్నాన్న కళ్లజోడు తెచ్చుకోవడానికి పోతూ, గొడుగు పట్టడానికి నన్ను తీసుకెళ్లాడు. వాన కురిసినంతసేపూ నేను చూసింది గొడుగు లోపలి భాగం.

నా మాట విని, తలుపు పక్కన నిలబడ్డ నా భార్య సుగుణ నా వైపు ఒక చూపు చూసింది. బట్ట సరిపోదని ముందే తెలిసిన దర్జీ, ఆ మాట చెప్పకుండా కొలతలు తీసుకుంటున్నట్టుంది ఆ చూపు. నేను పట్టించుకోలేదు.

ఆ వారంలోనే పొద్దున రైలెక్కాం. మామ, అత్తమ్మ, సుగుణ, నేను. అత్తమ్మ ఒడిలో ఒక మూట. అందులో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, గట్టిగా వండిన పప్పు. రైలంతా ఘుమఘుమ.

"గదెందుకు అత్తమ్మా?" అన్నాను చిన్నబుచ్చుకొని. "అబిడ్స్‌ల హోటళ్లు లేవా? తెల్లటి పింగాణి పళ్లెంల, కుర్చీల కూసోబెట్టి తినిపిస్త మిమ్ముల."

"ఉండనీ బిడ్డా. ఆకలి చెప్పి వస్తదా?"

నాంపల్లిలో దిగి నడుచుకుంటూ అబిడ్స్ చేరాం. ఏమి బజారండీ అది! మా తాండూరులో దుకాణం అంటే గద్దె మీద సేటు, ఎదురుగా బస్తాలు. ఇక్కడ ప్రతి దుకాణానికీ ఇంటి తలుపంత అద్దాలు. అద్దాల వెనక బూట్లు, గడియారాలు, రేడియోలు పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాయి. మామ తలపాగా సర్దుకున్నాడు. నేను ముందు నడుస్తూ, "గిది గడియారాలది, గిది బూట్లది" అని, కళ్లున్న ఎవరికైనా కనబడేదే చెప్పుకుంటూ పోయాను.

ఒక చీరల దుకాణం ముందు అత్తమ్మ ఆగిపోయింది. అద్దం పక్కన పట్టుచీర కట్టుకొని నిలబడ్డ ఆవిడను చూసి జాలిపడింది.

"ఏం బిడ్డా, గప్పటిసంది నిలవడ్డవు, కాళ్లు గుంజుతలేవా?"

నేను పకపకా నవ్వాను. "అది బొమ్మ అత్తమ్మా! బొమ్మకు చీర గట్టి నిలవెడతరు. పట్నంల కండ్లతోని చూసిందల్లా నమ్మొద్దు."

ఎంత గొప్ప మాట! అప్పుడే దాన్ని ఒక కాగితం మీద రాసి నా జేబులోనే పెట్టుకోవాల్సింది.

ఆ దుకాణంలో బట్టల బేరం బాగానే సాగింది. మామకు నచ్చాయి, అత్తమ్మకు నచ్చాయి. బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఎండ మండుతోంది.

"ఏడన్న చెట్టు కింద కూసుండి మూట ఇప్పుదం" అంది అత్తమ్మ.

"చెట్టు కిందనా? అబిడ్స్‌కు వచ్చి? నా మాటేంగావాలె?" అన్నాను. "రండ్రి నా ఎన్క."

నాలుగడుగులు వేశానో లేదో, దేవుడు నా కోసమే తెరిపించినట్టు ఒక భవనం. పైన ఇంగ్లీషులో పెద్ద బోర్డు. నేను చదివింది ఉర్దూ బడిలో, ఇంగ్లీషు తర్వాత ఏదో కూడబలుక్కొని నేర్చుకున్నాను. మొదటి మాట చదివాను: డైనింగ్. దాని పక్కన ఇంకేదో చిన్న అక్షరాల్లో ఉంది. నాకు పెద్ద అక్షరాలు చాలు. డైనింగ్ అంటే తినడమని మా స్టేషన్ మాస్టర్ గారు ఒకసారి చెప్పారు. అద్దంలోంచి చూస్తే లోపల ఒకటి కాదు, పది బల్లలు. చుట్టూ కుర్చీలు. బల్లల మీద పింగాణీ పళ్లాలు, గాజు గ్లాసులు, మధ్యలో బుట్టనిండా పండ్లు. పైన ఫ్యాన్లు. ఇంకేం కావాలి?

అద్దం పక్కనే ఉన్న బల్లకు తీసుకుపోయి ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. కుర్చీలు ఎంత మెత్తగా ఉన్నాయంటే మామ కూర్చోగానే సగం కనబడకుండా పోయాడు.

"గిరాకీ లేదేంది అల్లుడా?" అన్నాడు లోపల్నుంచి.

"పెద్ద హోటళ్లు గిట్లనే ఉంటయి మామా. గలాట ఉండది."

తెల్లచొక్కా, ప్యాంటు వేసుకున్న మనిషి ఒకాయన పరుగున వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఫర్మాయించండి సాబ్. ఎంతమందికి?"

"నలుగురికి."

"ఆరుగురిది తీస్కోండి సాబ్. రేపు చుట్టాలొస్తే పనికొస్తది."

"రేపటి ముచ్చట రేపు. ఇయ్యాల నలుగురికే."

"సరే సాబ్. బర్మాదా, మైసూర్‌దా?"

మైసూర్ బజ్జీ నాకు తెలుసు. మైసూర్ పాక్ తెలుసు. బర్మాది ఏమిటో తెలియదు. తెలియదని చెబితే నేను నేనెట్లా అవుతాను?

"రెంటికీ ఫరక్ ఏంది?" అన్నాను, అంతా తెలిసి పరీక్ష పెడుతున్నట్టు.

"బర్మాది జర గట్టిగుంటది సాబ్. తాతల కాలం దాకా నడుస్తది. మైసూర్‌ది నునుపు."

"అయితే మైసూర్‌దే తే. మా మామకు పండ్లు కదులుతున్నయి, గట్టిది నమలలేడు."

ఆ మనిషి మామ నోటి వైపు, బల్ల వైపు, మళ్లీ మామ నోటి వైపు చూశాడు. మంచి ఉద్యోగి. తర్వాతి ప్రశ్నకు పోయాడు.

"పాలిష్ ఎట్ల సాబ్? తక్కువనా, ఎక్కువనా?"

పట్నంలో నెయ్యిని పాలిష్ అంటారు కాబోలు అనుకున్నాను. "దండిగ ఉండాలె. చెయ్యి పెడితే జారాలె."

"నెల రోజుల్ల తయారైతది."

"నెల రోజులా!" మామ కుర్చీలోంచి పైకి తేలాడు. "నెల దినాలు ఆగితే మేము బతుకుతమా?"

"తయారున్నదే పట్కరా భాయ్" అన్నాను గంభీరంగా. "జల్దీ."

"అచ్ఛా సాబ్. లారీల పంపియ్యాల్నా, రైల్లనా?"

అప్పుడు మామ నా చెవి దగ్గరికి వంగి, భయంభయంగా అడిగాడు.

"అల్లుడా, గీళ్లు ఒక్కొక్కనికి ఎంత వడ్డిస్తరు?"

నేను తడబడ్డానా? లేదు. "లారీ వద్దు, ఏం వద్దు. ఈడనే కానిస్తం" అన్నాను. ఆయన తల గోక్కొని, "సేట్‌ను పిలుస్త సాబ్" అని లోపలికి పోయాడు.

"చూసిండ్రా? మనకోసం యజమానే వస్తుండు" అన్నాను. "అంతల పండు తినుండ్రి మామా." బుట్టలోంచి ఎర్రటి ఆపిల్ తీసి మామ చేతిలో పెట్టాను.

మామ కొరికాడు. కటుక్కుమంది. కదులుతున్న పన్ను ఒకటి కదలడం మానేసి చేతిలోకి వచ్చింది. మామ మర్యాదస్తుడు. అల్లుడు ఇచ్చిన పండును బయటికి ఉమ్మడం ఎట్లాగని, నోట్లో సున్నం, ఎర్రరంగు పెట్టుకొని కళ్లలో నీళ్లు తిప్పుకుంటూ నమలసాగాడు.

"పట్నం ఆపిల్ మస్తు గట్టిగుంది అల్లుడా" అన్నాడు మెల్లగా.

"చలికి గట్టివడ్తయి మామా. మంచువెట్టెల పెడతరు గదా."

అత్తమ్మకు ఇక ఓపిక అయిపోయింది. "వాడు వండేటాల్లకు పొద్దు గూకుతది" అని మూట విప్పి, ఆ పింగాణీ పళ్లాల్లో తలా రెండు జొన్నరొట్టెలు వేసి, మీద ఎల్లిపాయ కారం పెట్టి, పప్పు పోసింది. నేను వద్దంటూనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆకలి నాకూ ఉంది మరి.

సరిగ్గా అప్పుడే సేటు వచ్చాడు. నల్లటోపీ, తెల్లటి ధోవతి, అరవై ఏళ్ల మనిషి. ఆయన వెనక మన ప్యాంటు మనిషి నోరు తెరిచి నిలబడ్డాడు. సేటు పళ్లాల వైపు చూశాడు, తళతళలాడే బల్ల మీద ఒలికిన పప్పును చూశాడు. ముఖం ఎర్రబడింది. నేను కాలు మీద కాలు తీయకుండానే అన్నాను:

"సేట్, మీ హోటల్‌ల మర్యాద మంచిగున్నది గని, వంట మాత్రం ఆలిశెం."

"హోటలా?" అన్నాడు సేటు. "బాబూ, ఇది బల్లలు, కుర్చీలు అమ్మే దుకాణం."

అప్పుడు చూశాను. నేను కూర్చున్న కుర్చీ చేతికి దారంతో ఒక ధర చీటీ వేలాడుతోంది. పక్క కుర్చీకీ వేలాడుతోంది. బల్లకూ వేలాడుతోంది. బర్మాది, మైసూర్‌ది అన్నది టేకు కర్ర గురించని అప్పుడు వెలిగింది. నా నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. చెవులు రెండూ పొయ్యిలోంచి తీసినట్టు కాలిపోయాయి. మామ మెల్లగా తల పక్కకు తిప్పి ఆపిల్‌ను కొంగులో ఉమ్మాడు. తన కొంగులో కాదు, అత్తమ్మ కొంగులో.

నేను సుగుణ వైపు తిరిగాను. ఆమె నెమ్మదిగా రొట్టె తుంచుకుంటోంది.

"నీకు ఎరుకనా?"

"రాంగనే చూసిన. గా మూలకు మంచాలు, పరుపులు గూడ ఉన్నయి."

"మరి చెప్పద్దా?"

"పట్నం హోటల్ గదా, తిన్నంక పండేతందుకేమో అనుకున్న. మీకు తెల్వంది లేదంటిరి."

లేచి పారిపోదామని కుర్చీ వెనక్కి జరిపాను. కానీ సేటు నా వైపు చూడడం లేదు. ముక్కు ఎగబీల్చి, అత్తమ్మ ముందున్న మూట వైపు వంగాడు.

"ఏనమ్మా, జోళద రొట్టినా?" అన్నాడు కన్నడంలో.

మా వైపు కన్నడం కొత్తేమీ కాదు. "హౌదప్పా, జొన్నరొట్టెనే" అంది అత్తమ్మ. "తింటవా?"

ఆయన పుట్టి పెరిగింది గుల్బర్గా దగ్గరి పల్లెలోనట. పట్నంలో వంటామె గోధుమ రొట్టెలు తప్ప చేయదట. చెయ్యి కడుక్కొని వచ్చి, నా పక్క కుర్చీలో చీటీ పక్కకు తోసి కూర్చున్నాడు. రెండో రొట్టెకు ఆయన కళ్లలో నీళ్లు. కారం వల్లనో, ఊరు గుర్తొచ్చో, మేం అడగలేదు.

ఇక అసలు తమాషా వినండి. అద్దం వెనక అయిదుగురం కమ్మగా తింటుంటే బజారు ఊరుకుంటుందా? ముందు ఇద్దరు సైకిళ్లు దిగి చూశారు. తర్వాత కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి భార్యతో లోపలికి వచ్చి, పక్క బల్ల దగ్గర కూర్చొని, "మాకు గూడ జొన్నరొట్టె, రెండు ప్లేట్లు" అన్నాడు. ఆయన వెనక ముగ్గురు కాలేజీ పోరగాళ్లు. ప్యాంటు మనిషి వాళ్ల చుట్టూ తిరుగుతూ, "సాబ్, ఇది హోటల్ కాదు, కుర్చీల దుకాణం" అని బతిమాలుతున్నాడు. కోటు పెద్దమనిషి భార్య లేవలేదు. "కుర్చీ మెత్తగ ఉందండీ. ఇంతదాకా వచ్చినం, ఇదే తీసుకుందాం" అంది. వాళ్లు ఆ బల్లా, కుర్చీలూ అప్పటికప్పుడు ఖాయం చేసుకున్నారు.

సేటు మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. "నెలసంది కదలని సామాను" అని నా భుజం తట్టాడు. "మళ్లీ ఎప్పుడొస్తరు?"

నేను భూమిలోకి చూస్తున్నాను. సమాధానం మామ చెప్పాడు. నోట్లో ఒక పన్ను తక్కువైనా మాట స్పష్టంగానే వచ్చింది.

"మా అల్లుణ్ని వారానికొకసారి పంపిస్త సేట్. ఏమియ్యకు. ఊరికె అద్దం కాడ కూసోబెట్టు. ఈయన నమ్మకంగ కూసుంటే పట్నమంతా నమ్ముతది."

తిరుగు రైల్లో కిటికీ దగ్గర కూర్చొని ప్రమాణం చేశాను. ఇకమీద ఎదుట ఒక మనిషి కూర్చొని తింటూ కళ్లారా కనబడితే తప్ప ఏ హోటల్లోనూ అడుగు పెట్టను. పైకే అన్నాను, చెయ్యి గుండె మీద పెట్టుకొని మరీ.

సుగుణ నా వైపు తిరిగింది.

"ఇయ్యాల గాళ్లందరు వచ్చింది మనం తినేది చూసే గదా?" అంది.

అందుకని ప్రమాణం మార్చుకున్నాను. ఈ ప్రాణం ఉన్నంతవరకు బోర్డు చివరి అక్షరం దాకా చదువుతాను. చదివినా నోరు తెరిచి అడుగుతాను. అడిగినా, సుగుణ కూర్చున్నాకే కూర్చుంటాను.