బాపు పింజ చూసిన ఫిల్టర్

ఆ రోజుల్లో నా కోరిక ఒక్కటే. ఆదిలాబాద్‌లో నేను ఏ వీధిలోకి మళ్లినా, నాకంటే ముందు నా కారు సప్పుడు అక్కడికి చేరాలి. వయసు ఇరవై ఆరు, విత్తనాల కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం. పెళ్లి కాలేదు, బుద్ధి కూడా రాలేదు. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలించుకున్న చిన్న టర్బో కారు కొని తెచ్చుకున్నాను. చూడ్డానికి మామూలు కారులాగే ఉండేది కానీ, ఒక్కసారి తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయేది. అది ఎంత వేగంగా పోయేదో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. దాన్ని ఎవరెవరు తల తిప్పి చూసేవారో మాత్రం బాగా గుర్తుంది. నేనెలాంటివాడినో మీకు తెలియడానికి ఈ మాట చాలు.

మా వాడకట్టులో ఆ కారు ఎక్కనివారు లేరు, మా నాన్న, అదే మా బాపు, తప్ప. బాపు జిన్నింగ్ మిల్లులో, రైతులు తెచ్చే పత్తి నాణ్యత చూసే మనిషి. బండిలోంచి చారెడు పత్తి తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి, పింజ, అంటే దూది పోగు, ఎంత పొడవుందో, తేమ ఎంతుందో, అందులో ఎవరేం కలిపారో చెప్పేస్తాడు. (చుట్టాలింటికి పోతే పరుపు మూల కుట్టు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, కళ్లతో ఎంత బెదిరించినా ఆ అలవాటు పోలేదు.) అలాంటి మనిషి నా కారును పైనుంచి కిందికి చూసి, "గిండ్ల కూసుంటే నేల మీద కూసున్నట్టే ఉంటది. నేను నడిచే పోత తియ్" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ నాకు గుచ్చుకునేది. ఊరంతా చూసిన తర్వాత కూడా, చూడాల్సిన మనిషి ఇంకా చూడలేదనిపించేది.

ఇంతలో కరీంనగర్‌లో అక్కకు బిడ్డ పుట్టింది. పురిటికి సాయంగా అవ్వ ముందే వెళ్లింది. బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కు బాపూ నేనూ వెళ్లాలి. బాపు చాలాసేపు ఆలోచించి, "సరే, నీ బండ్లనే పోదాం తీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను కారును రెండుసార్లు కడిగాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ప్రయాణానికి ముందు ఒకసారి చూపిద్దామని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన్ని అందరూ టర్బో భాయ్ అనేవారు. మా ఊళ్లో టర్బో కారు నాదొక్కటే కాబట్టి, ఆ పేరుకు కారణం నేనేనని గర్వపడేవాణ్ని. ఆయన ఎయిర్ ఫిల్టర్ తీసి చూపించాడు. పత్తి సీజన్ కదా, గాలిలో తేలే నూగంతా పట్టి, కాగితం మడతలు కనిపించకుండా దుప్పటి కప్పినట్టు ఉంది. మార్చాలి. అలాంటిదే ఇంకో కాగితం ఫిల్టర్ అదే వీధిలో దొరుకుతుంది, అది పెట్టి ఫిల్టర్ డబ్బా మూత మూసేస్తే పని అయిపోతుంది. అది కాకుంటే ఆ డబ్బాలోనే పట్టేది, కడిగి మళ్లీ వాడుకునే నూలు ఫిల్టర్ ఉంది. మూడోది, ఆ డబ్బాయే పీకి పారేసి పెట్టే గరాటు లాంటి ఎర్ర ఫిల్టర్. అదీ నూలుదే, దుమ్ము అంటుకోవడానికి దానికి నూనె పట్టించి ఉంటుంది. చుట్టూ మూత లేదు కాబట్టి ఇంజిన్ గాలి పీల్చే సప్పుడంతా బయటికి వస్తుంది.

"భాయ్, గిది పెడితే ఏమైతది?" అని అడిగాను, తెలిసే.

"ఏమైతదా? తొక్కి కాలు తీస్తే నాగుంబాము బుస గొట్టినట్టు సప్పుడొస్తది. దిల్ ఖుష్ అయితది!" అన్నాడాయన. తర్వాత కొంచెం నిజాయితీగా, "కానీ మన ఊరి గాలికి డబ్బా ఉంటేనే మంచిది. జర సోచో" అని కూడా అన్నాడు.

నేను సోంచాయించలేదు, అసలు ఆలోచనే చేయలేదు. ఆయన కూడా గట్టిగా చెప్పలేదు, ఎందుకంటే అలాంటిది ఒక్కసారైనా తన చేత్తో బిగించాలని ఆయనకూ ఉంది. ఇంజిన్‌కు కావలసింది శుభ్రమైన గాలి. నేను ఎంచుకున్నది మాత్రం నలుగురి చెవుల కోసం. హైదరాబాద్ నుంచి పార్శిల్ వచ్చే దాకా రోజూ రెండు పూటలా ఆయన షెడ్డుకు పోయి అడిగేవాణ్ని.

ఫిల్టర్ వచ్చిన సాయంత్రం, మిల్లులో పని దిగి ఇంటికి పోతున్న బాపు, తనతోటి పనివాళ్లు ఇద్దరితో కలిసి షెడ్డు దగ్గర ఆగాడు. నేను గర్వంగా ఫిల్టర్‌ను బాపు చేతిలో పెట్టి, "చూడు బాపు, ఇది నూలుతోని చేస్తరు" అన్నాను. ఎవరితో ఆ మాట అంటున్నానో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. బాపు అద్దాలు పెట్టుకున్నాడు. ఎర్రటి ఆ గరాటును అటూ ఇటూ తిప్పాడు. ఆయన వేళ్లు వాటంతట అవే దాని మీది తీగ జాలీ సందులోకి పోయాయి. గోటితో ఒక పోగు పట్టి లాగి, రెండు బొటనవేళ్ల మధ్య సాగదీశాడు.

"పింజ పొట్టిది రా" అన్నాడు. వాసన చూసి, ముఖం చిట్లించాడు. "నూనె గూడ కలిపిండ్రు. గిది కల్తీ సరుకు. నిన్నెవడో మోసం జేసిండు బిడ్డా, వాపస్ ఇచ్చెయ్."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఒకాయన తానూ చూద్దామని చెయ్యి చాచాడు కూడా. ఇవాళైతే నేనే అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ని. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండింది. బాపు చేతిలోంచి ఫిల్టర్ లాక్కుని, "ముట్టకు! నీకు పత్తి తప్ప ఇంకేం తెల్వది? జిందగీల ఒక్కసారి కారు కొన్నవా?" అని అరిచాను. ఆయన సాటివాళ్ల ముందు, ఆయన పని గురించి అన్నాను.

బాపు వేళ్లకంటిన నూనెను కండువకు తుడుచుకుని, "నాకెట్ల తెలుస్తది తియ్" అని నడిచి వెళ్లిపోయాడు. టర్బో భాయ్ ఫిల్టర్ చూసి, "నాలుగు పొరలున్నయ్, పైపొరల జర పీకిండు, ఏంగాదు" అన్నాడు. తర్వాత, నా వైపు చూడకుండా, "గంత లొల్లి అక్కెర లేకుండె భాయ్" అన్నాడు. అయినా బిగించుకునే వచ్చాను. బుస బ్రహ్మాండంగా వచ్చింది. వాకిట్లో రెండుసార్లు వినిపించాను కూడా. బాపు బయటికి రాలేదు.

పొద్దున లేచేసరికి ఇంట్లో బాపు లేడు, సంచీ లేదు. కారేసుకుని బస్టాండుకు ఉరికేసరికి కరీంనగర్ బస్సు గేటు దాటుతోంది. వెనక అద్దంలోంచి బాపు తెల్లజుట్టు కనిపించింది. ఏం చేయాలో తోచక బస్సు వెంట బయల్దేరాను. ముందుకు పోతే బాపును వదిలేసి పోయినట్టు, ఆగిపోతే ఇంకా పెద్ద తప్పు. కాబట్టి ఆ ఉదయం ఆదిలాబాద్ జిల్లాలోకెల్లా వేగమైన చిన్న కారు, ఆర్టీసీ బస్సు వెనక, అది ఆగినచోటల్లా ఆగుతూ, అది వదిలిన పొగంతా పీలుస్తూ పోయింది. బస్సు వెనకసీటులో ఒక ముసలమ్మ మొదట నన్ను అనుమానంగా చూసింది, తర్వాత చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. ఎదురుగా పత్తి ట్రాక్టర్లు వస్తూనే ఉన్నాయి. నిర్మల్ వచ్చేసరికి కారు దగ్గినట్టు చేస్తోంది.

బస్టాండు బయట బానెట్ ఎత్తాను. ఎర్రటి ఫిల్టర్ కనిపించలేదు. దాని చోట తెల్లటి పీచుమిఠాయి ఉంది. దారంతా ఎగిరిన నూగు నూనెకు అతుక్కుని, గరాటుకు గడ్డం మొలిచింది. అలా చూస్తూ నిలబడితే పక్కన రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని బాపు.

"బస్సును దాటనీకి గూడ దమ్ము లేదా గీ బండికి?" అన్నాడు.

"నువ్వు బస్సుల ఉన్నవని..." అన్నాను. "నిన్న నేను..." అని మొదలుపెట్టాను.

"చాయ్ సల్లారుతది, తాగు" అన్నాడు. గ్లాసు నా చేతికిచ్చి, వంగి, ఆ గడ్డంలోంచి చిటికెడు తీసి సాగదీశాడు. ఆయన ముఖం వెలిగింది. "ఇగో, గిది అసలు సరుకు. మన పత్తి! గీ కంపెనోళ్లకు జెప్పు, గిది వాడుమను." ఇద్దరం నవ్వాం. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. పొగ వల్ల అనుకోవచ్చు. బాపు నాతోపాటు నిలబడి ఆ నూగంతా ఒలిచి, "టికెటు తీసుకున్న, ఉత్తగ పోతదా?" అని తిరిగి బస్సే ఎక్కాడు. నేను మళ్లీ వెనకే.

ఫంక్షన్ అయింది. మర్నాడు బయల్దేరేటప్పుడు బాపు సంచీ పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. అక్క ఆటో పిలవనా అంది. నేను తాళాలు చేతిలో పట్టుకుని, అడిగే ధైర్యం లేక నేల చూస్తున్నాను. బాపు కారు దగ్గరికి నడిచి, తలుపు తీసి, ముందు నడుము వంచి, తర్వాత తల దించి, చివరికి లోపల పడ్డాడు. "నడువు మరి" అన్నాడు.

కరీంనగర్ పొలిమేర దాటకముందే నిద్రపోయాడు. తల ఒక పక్కకు వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. జగిత్యాల దాటాక రోడ్డు ఖాళీగా, నున్నగా, నా కారు కోసమే వేసినట్టు పరుచుకుంది. గట్టిగా తొక్కి వదిలితే బుస వస్తుంది, బాపు లేస్తాడు. అంచేత కాలు కింద గుడ్డు పెట్టుకున్నట్టు నడిపాను. బస్సులు దాటిపోయాయి. లారీలు దాటిపోయాయి. ఒక పత్తి ట్రాక్టర్ కూడా హారన్ కొట్టి మరీ దాటిపోయింది. ఇంటి ముందు ఆపితే బాపు మెల్లగా కళ్లు తెరిచి, చుట్టూ చూసి, డ్యాష్‌బోర్డు మీద చేత్తో రెండుసార్లు తట్టాడు.

"మంచి బండి రా" అన్నాడు. "అస్సలు సప్పుడే లేదు."

"ఔ బాపు" అన్నాను.

ఆ కారు అమ్మేసి చాలా ఏళ్లయింది. ఇంటికెవరైనా వచ్చి కార్ల ముచ్చట తీస్తే బాపు ఇప్పటికీ నా మొదటి కారు గురించే చెబుతాడు. "అది నడుస్తుంటే నడుస్తున్నట్టే తెల్వకపోయేది" అంటాడు. ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాడు వింటే ఎంత బాధపడేవాడో అనుకుంటూ, పక్కనే కూర్చుని తల ఊపుతుంటాను.