మూడడుగుల బేరం

ఆ రోజుల్లో మా ఇంట్లో బేరమాడకుండా ఏదీ ఒప్పుకునేవాళ్లం కాదు. అందుకే సగర్వంగా చెబుతున్నాను: మా ఊళ్లో సర్కారు నిబంధనతో సైతం బేరమాడిన మొదటి మనిషిని నేనే. (రెండో మనిషి ఇంకా తయారు కాలేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.)

చిలకలూరిపేట అవతల చిన్న పట్టణం మాది. నాన్నగారిది పట్టాల కొట్టు. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసుకోవడానికి, వానొస్తే కప్పుకోవడానికి రైతులు కొనే ప్లాస్టిక్ పట్టాలు. కొట్టు ఇరుకు, అందుకని సరుకంతా గుమ్మం ముందు మూడడుగుల మేర రోడ్డు మీదే పరిచేవాళ్లం. ఆ నీలంరంగు చూసి రైతు బండి ఆపితేనే మాకు అన్నం. అలాంటిది, మున్సిపాలిటీవాళ్లు ఒకరోజు బైలా ముసాయిదా గోడకంటించారు: కొట్ల ముందు మూడడుగుల దాకా సరుకు పెట్టుకోవచ్చు, అభ్యంతరాలుంటే నెలలోపు తెలపవచ్చు. బజారంతా సంబరపడింది. డిగ్రీ వేడి ఇంకా దిగని నేను మాత్రం, ముసాయిదా అంటే మొదట చెప్పే రేటనుకున్నాను.

"మొదటి రేటుకే ఒప్పుకుంటారా ఎవరైనా? ఆరడిగితే నాలుగున్నరకి దిగొస్తారు," అన్నాను.

"ఒరేయ్, ఇచ్చేవాడు ఇస్తుంటే గెలకమాకరా," అన్నారు నాన్నగారు.

పక్క గాజుల కొట్టు బాబాయి మాత్రం "నాక్కూడా కలిపి రాయరా అబ్బాయ్" అని ఎగదోశాడు. ఇద్దరికీ ఆరడుగులు కావాలని రాశాను. బరువు కోసం మున్సిపల్ చట్టంలో రోడ్ల సెక్షన్ నంబరొకటి వేశాను. (చదివావా అని అడక్కండి. నంబరు చూడ్డానికి బాగుంది.)

విచారణకి పిలిచారు. కమిషనర్ గారు "ఊరంతటికీ ఒక్క అభ్యంతరమే వచ్చింది, అదీ సెక్షన్‌తో సహా!" అని మెచ్చుకుంటూ ఆ సెక్షన్ కోసం చట్టం పుస్తకం తెరిచారు. చదివేకొద్దీ ఆయన మొహం మారింది.

"రోడ్డు మీద ఇలా సరుకు పెట్టనిచ్చే అధికారం చట్టం మాకివ్వలేదయ్యా. చట్టం ఇవ్వనిది బైలాలో మేమెట్టా ఇస్తాం?"

"పోనీ, నాలుగు చేసుకోండి సార్," అన్నాను, అలవాటు కొద్దీ.

"నాలుగు కాదు, ఆ మూడూ చెల్లవు."

నేను తలొంచుకుని చెబితే నాన్నగారికి ఇట్టే అర్థమైంది. "మన గుమాస్తా నేను చెప్పినదానికన్నా తగ్గించి అమ్మితే ఒప్పుకుంటానా? బైలా రాసే మున్సిపల్ కౌన్సిలు గుమాస్తా, చట్టం చేసే అసెంబ్లీ యజమాని. గుమాస్తా ఏదో మొహమాటానికి ఇస్తుంటే, నువ్వెళ్లి యజమాని మాట గుర్తుచేశావు!"

బాబాయైతే ఏడాదిపాటు నేను కనబడినప్పుడల్లా "ఏరా ప్లీడరూ, ఈపూట ఎన్నడుగులు తెచ్చావు?" అని పలకరించేవాడు.

గుమ్మం దాటి సరుకు పెట్టకూడదని తుది బైలా వచ్చింది. పట్టాలన్నీ లోపలికి జరిగాయి. కుర్చీకి చోటు లేక నాన్నగారు ఆ మిరప సీజనంతా నిలబడే అమ్మారు. ఇప్పుడా గల్లాపెట్టె దగ్గర నిలబడేది నేను. ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, నవ్వొస్తుంది. ఇక లెక్క తేల్చాలి. అడిగింది ఆరడుగులు, పోయింది ఉన్న మూడు. ఖర్చు కింద టైపు చేయించిన అర్జీ ఒకటి, నాన్నగారి మోకాళ్లు రెండు. జమ వైపు ఒక్కటే ఉంది: పత్తి లారీ వచ్చినప్పుడు బడిపిల్లలు ఇప్పుడు పక్కకి జరిగి నడవగలుగుతున్నారు. అది నా ఘనతేనని నేను చెప్పుకోను. ఎవరైనా అంటే మాత్రం, కాదనను.