ఇల్లంతా ఎత్తబడిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... నందిగామలో ఒంటిపూట బడులు మొదలైన రోజులు. ఎండన పడి ఇంటికొచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. "అమ్మా!" అన్నాను. పలకలేదు. "నానమ్మా!"... ఆమె కూడా పలకలేదు.

వసారాలో తిరగలి. చుట్టూ పరిచిన పాత చీర మీద సగం విసిరిన కందులు. గుమ్మం పక్కన అమ్మ చెప్పులు, నానమ్మ చెప్పులు, తమ్ముడి బుల్లి చెప్పులు... మనుషులు మాత్రం లేరు.

నా గుండె జారిపోయింది.

ఎందుకో తెలియాలంటే ముందు వారం సంగతి చెప్పాలి. జగ్గయ్యపేటలో సువార్త కూటాలు జరిగాయి. నాన్న అక్కడే సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసేవారు కాబట్టి అమ్మ మమ్మల్ని బస్సెక్కించి తీసుకెళ్ళింది. ఎక్కణ్ణుంచో వచ్చిన ప్రసంగీకుడు మైకు పట్టుకుని, ప్రభువు హఠాత్తుగా వస్తాడనీ, తనవాళ్ళను మేఘాల్లోకి తీసుకుపోతాడనీ, ఇద్దరు ఆడవాళ్ళు తిరగలి విసురుతుంటే ఒకరు ఎత్తబడి ఒకరు ఇక్కడే మిగిలిపోతారనీ చెప్పాడు. "నువ్వు మిగిలిపోతావా?" అని వేలు చూపించి అరిచాడు. ఆ వేలు సరిగ్గా నావైపే ఉందనిపించింది.

అప్పటినుంచి అన్నం సయించలేదు. మబ్బు పడితే భయం. అమ్మ పెరట్లోకి వెళ్ళినా వెనకే వెళ్ళేదాన్ని. ఎవరికీ చెప్పలేదు... చెబితే నీకు విశ్వాసం లేదంటారేమోనని ఇంకో భయం.

ఇప్పుడు ఎదురుగా తిరగలి ఉంది, విసిరేవాళ్ళు ఇద్దరూ లేరు. తమ్ముడంటే పసివాడు, వాణ్ణి ఎలాగూ తీసుకెళ్ళి ఉంటారు. మిగిలింది నేనొక్కదాన్నే!

ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తాను. ఎదురింటి కిరాణా కొట్టు రంగమ్మగారు భోంచేసి వచ్చి అప్పుడే కొట్టు తలుపులు తీస్తున్నారు. వాళ్ళు చర్చికి వచ్చేవాళ్ళు కాదు కాబట్టి ఆవిడ మిగలడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. వెళ్ళి ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకున్నాను.

"పిన్నిగారూ... మనిద్దరమే మిగిలామండీ!"

"మిగలడమేంటే?"

"అందర్నీ దేవుడు తీసుకెళ్ళిపోయాడు..."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఛ ఛ, అట్టాంటి మాటలు అనకూడదు! మీ అమ్మకేం కాలేదు. పద, కనుక్కుందాం" అని కొట్టు అలాగే వదిలేసి నా చెయ్యి పట్టుకున్నారు.

మా చర్చి పాస్టరమ్మగారింటికి పోదామని నేనే అన్నాను. ఆమె కూడా లేకపోతే ఇక సందేహం లేదు... అంతా అయిపోయినట్టే.

చర్చి వెనక పాస్టరమ్మగారు పట్టా మీద ఎండుమిరపకాయలు తిరగేస్తున్నారు. తల మీద కొంగు, ఒళ్ళంతా చెమట. ఆమెను చూడగానే... ఎలా చెప్పను... అక్కడే కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"ఏమైందమ్మా కరుణా?" అంటూ వచ్చి దగ్గరకు తీసుకున్నారు.

"ఇంట్లో ఎవరూ లేరంటండీ. పిల్ల దడుచుకుంది" అన్నారు రంగమ్మగారు.

"అయ్యో, ఇందాకే ఇటుగా పోయారుగా! చిన్నోడు ముక్కులో కందిగింజ పెట్టుకున్నాడంట. చెప్పులైనా వేసుకోకుండా డాక్టరు దగ్గరకి పరిగెత్తారు అత్తాకోడళ్ళు."

రంగమ్మగారు నెత్తి కొట్టుకుని పకపకా నవ్వారు. "ఓసి నీ దుంపతెగ! కందిగింజకా నా ప్రాణం తీశావ్?"

కాసేపటికి అమ్మవాళ్ళు వచ్చారు. ఎర్రబడిన ముక్కుతో, చేతిలో బిస్కెట్ పొట్లంతో తమ్ముడు. వాణ్ణి అంత గట్టిగా వాటేసుకోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం పాస్టరమ్మగారు నన్ను పిలిచి అన్నీ అడిగి తెలుసుకున్నారు. నవ్వలేదు. "ఆ అయ్యగారు చెప్పింది విన్నావు. మరి చదివావా?"

"లేదండీ."

"అయితే రా, చదువుదాం."

మెట్ల మీద కూర్చుని బైబిలు తెరిచారు. ప్రభువు రాకడ గురించి పౌలు భక్తుడు ఒక ఊరి విశ్వాసులకు ఉత్తరంగా రాసిన చిన్న పత్రికను మొదటినుంచీ నాచేత చదివించారు. కూడబలుక్కుంటూ చదివాను. ఆ ఊరివాళ్ళూ నాలాగే బెంగపడ్డారట... చనిపోయిన తమవాళ్ళు ఏమైపోతారోనని. వాళ్ళెవరూ వెనకబడరు, అందరం కలిసే ఉంటామని ఆయన రాశాడు. మేఘాల సంగతి కూడా అక్కడే ఉంది. అది చెప్పాక, ఈ మాటలతో ఒకరికొకరు ధైర్యం చెప్పుకోమన్నాడు. అక్కడ ఆగిపోయాను.

"ఇది ధైర్యం చెప్పడానికి రాసిందా అండీ?"

"మరి? భయపెట్టడానికనుకున్నావా?"

"మరి ఆ అయ్యగారు...?"

"ఆయన్నేం అనుకోబాకు. రేపు నేను చెప్పినా సరే, ఇంటికెళ్ళి దాని ముందూ వెనకా చదువుకో. ఎప్పటికీ ఇంకోళ్ళు నమిలి పెడితే తింటావా ఏంటి?"

ఆ పూట మారు అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాను. అమ్మ వింతగా చూసింది.

ఆ వేసవంతా సాయంత్రాలు ఆ మెట్ల మీదే గడిచాయి. అర్థం కానివి అడిగేదాన్ని. కొన్నిటికి "నాకూ తెలీదమ్మా, ఇద్దరం చదువుతూనే ఉందాం" అనేవారు... పెద్దవాళ్ళకూ తెలియనివి ఉంటాయని తెలిసి ఎంత తేలికపడ్డానో!

నేను కాలేజీలో ఉండగా నాన్న మంచాన పడ్డారు. పరామర్శకు వచ్చిన ఒకాయన, "మీ ఇంట్లో ఏదో దాచిన పాపముంది, ఒప్పుకోండి" అన్నాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. ఉండబట్టలేక అన్నాను... "అయ్యగారూ, బైబిల్లో అన్నీ పోగొట్టుకుని, జబ్బుతో బూడిదలో కూర్చున్న భక్తుడితో స్నేహితులు ఇదే మాట అన్నారు. చివరికి దేవుడు మందలించింది ఆ స్నేహితుల్నే కదండీ."

ఆయన వెళ్ళాక నాన్న ఇటు తిరిగి, "నిజంగా అట్టా ఉందా అమ్మా? ఏదీ, చదువు" అన్నారు. చదువుతుంటే వింటూ వింటూ నిద్రపోయారు... చాలా రోజుల తరవాత, హాయిగా. కోలుకుని మళ్ళీ డ్యూటీకి కూడా వెళ్ళారు.

ఇప్పుడు పొద్దున్నే ఫోన్లో పూలబొమ్మ మీద ఒక బైబిలు వాక్యం వస్తుంది. దండం గుర్తు పెట్టి పక్కకు జరిపేస్తాం. పిల్ల మొహంలో బెదురు కనిపెట్టి, చేతిలో పని ఆపి, పక్కన కూర్చుని చదివించే తీరిక ఎవరికి ఉందిప్పుడు...

మీరు చిన్నతనంలో ఎవరికీ చెప్పకుండా మోసిన భయం ఏదైనా ఉందా? దాన్ని మీ భుజం మీంచి దించిన మనిషి ఎవరు? తలుచుకుని ఇక్కడ రాయండి... వాళ్ళ పేరైనా నలుగురికీ తెలుస్తుంది.