ఖాజా ఎడమ భుజం

2025 వేసవి. నందిగామలో కోర్టుకు వెళ్ళే రోడ్డు మీద నా ఫిజియోథెరపీ క్లినిక్. ఇరవై ఏళ్ళకు పైగా అదే గదిలో పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పత్తి తీసి నడుం పట్టేసినవాళ్ళు, హైవే మీద బండి జారి పడ్డవాళ్ళు, పక్షవాతం నుంచి కోలుకుంటున్న పెద్దవాళ్ళు. దేశం తరఫున ఆడే మనిషి భుజం నా చేతుల్లోకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి మస్తాన్ గారు వచ్చారు. సిమెంటు లారీ డ్రైవరు. అంతకుముందు ఆయన మెడనొప్పికి నా దగ్గరే చూపించుకున్నారు. ఈసారి వెంట కొడుకు ఖాజా ఉన్నాడు. పాతికేళ్ళు దాటిన కుర్రాడు, నిటారుగా, సన్నగా, ఆర్మీ క్రాపుతో.

"వీడి నొప్పి వీడు చెప్పడు డాక్టరమ్మా. నేను చెప్తా," అన్నారు కూర్చోకుండానే.

అంతకు కొద్ది రోజుల ముందే మస్తాన్ గారి తల్లి చనిపోయారు. ఉత్తరాదిన ఆర్మీ శిక్షణ కేంద్రంలో ఉండే ఖాజా కబురు అందగానే సెలవు పెట్టి వచ్చాడు. ఖబరస్తాన్‌కి వెళ్ళే దారిలో నానమ్మను మోసుకెళ్ళే జనాజాకు ఎడమ భుజం పట్టాడు. కొంచెం దూరం పోగానే అతని ముఖం పాలిపోయింది. పక్కవాళ్ళకు చోటిచ్చి తప్పుకున్నాడు. జనాజా మోసేవాళ్ళు దారిపొడుగునా మారుతూనే ఉంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తండ్రి మాత్రం చూశారు. కొడుకు గోడ పక్కకు పోయి, కుడిచేత్తో ఎడమ చేతిని పట్టుకుని, పళ్ళు బిగించి ఏదో సర్దుకుని, మళ్ళీ వచ్చి అందరిలో కలిశాడు.

"బెణికింది మేడం, అంతే," అన్నాడు ఖాజా. "ఇంకొన్ని వారాల్లో పోటీకి పోవాలి. భుజానికి కాస్త టేపు చుట్టి, ఎక్సర్‌సైజులు చెప్పండి చాలు."

ఏం పోటీ అని అడిగాను. మోడర్న్ పెంటథ్లాన్ అన్నాడు. ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఒకే మనిషి ఐదు ఆటలు ఆడాలి. కత్తిసాము, ఈత, అడ్డంకుల పరుగు, ఆఖరున రెండు ఆటలు కలిపి, పరిగెత్తుతూ మధ్యమధ్యలో ఆగి లేజర్ పిస్తోలుతో గురి కొట్టడం. అనేక దేశాలు, అనేక ఆటలు కలిసి జరిగే పెద్ద పోటీలకు మగవాళ్ళ విభాగంలో ఇతన్ని ఎంపిక చేశారు. ఈత నేర్చింది అమ్మమ్మ వాళ్ళ ఊరు పెనుగంచిప్రోలులో, మున్నేటిలో. మిగతావన్నీ ఆర్మీ నేర్పింది.

"అడ్డంకుల పరుగు కొత్తగా వచ్చింది మేడం. ఇదివరకు ఆ చోట గుర్రపు స్వారీ ఉండేది. గుర్రం మీద నేను బాగా చేసేవాణ్ణి. ఇప్పుడు గోడలెక్కాలి, కడ్డీలూ రింగులూ పట్టుకుని వేలాడుతూ దాటాలి."

మాట్లాడుతూనే కుడి అరచేత్తో ఎడమ మోచేతిని కింద నుంచి కాసుకుని కూర్చున్నాడు. తను అలా కూర్చున్నట్టు అతనికే తెలియదు.

బల్ల మీద పడుకోబెట్టి అప్రిహెన్షన్ టెస్ట్ చేశాను. చేతిని పక్కకు చాచి, మోచెయ్యి వంచి, మెల్లగా వెనక్కి తిప్పుతాం. భుజం కీలు జారిపోయే స్థితిలో ఉంటే మనిషికి ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. అందుకే ఈ పరీక్షలో మేం భుజాన్ని చూడం, ముఖాన్ని చూస్తాం. ఖాజా నవ్వుతూ పడుకున్నాడు. నా చెయ్యి సగం తిరిగేసరికి నవ్వు పోయింది. కుడిచేత్తో నా మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాడు.

"ఇదివరకు ఎన్నిసార్లు జారింది?"

తండ్రి వైపు చూశాడు. మస్తాన్ గారు లేచి బయట వరండాలోకి వెళ్ళారు.

"జారిన ప్రతిసారీ నేనే సర్దుకున్నా," అన్నాడు గొంతు తగ్గించి. "అక్కడ ఎవరికీ తెలీదు. మీరు ఫోన్ చేసి చెప్పేస్తారా?"

"నేను చెప్పను. నువ్వు చెప్పాలి."

"చెబితే టీమ్‌లోంచి తీసేస్తారు మేడం."

విజయవాడ పంపి ఎమ్మారై తీయించాను. అనుకున్నదే అయింది. భుజం ఎముక గుండ్రటి తల ఒక చిన్న గిన్నెలాంటి గుంటలో కూర్చుంటుంది. ఆ గిన్నె అంచు చుట్టూ లేబ్రమ్ అనే మెత్తటి కట్టు ఉంటుంది. ఎముకను జారకుండా ఆపేది అదే. ఖాజాకి ముందువైపు అది చిరిగిపోయింది. ఆపరేషన్ చేయాలని అక్కడి ఎముకల డాక్టరు చెప్పాడు. చుట్టూ ఉన్న కండరాలను గట్టిపరిస్తే రోజువారీ పనులకు ఇబ్బంది ఉండదు కానీ, వేలాడితే మాత్రం హామీ లేదన్నాడు.

ఆ రిపోర్టు విన్నాక కూడా ఖాజా రోజూ నందిగామ వచ్చాడు. సెలవు అయ్యేలోపు భుజాన్ని నిలబెట్టాలని అతని పట్టుదల. నేను చెప్పినదానికి ఒక్కటి ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు. అంత క్రమశిక్షణ ఉన్న పేషెంటును నేను మళ్ళీ చూడలేదు. కష్టమంతా నాకే అయింది. బలం తగ్గింది కండరానికైతే పెంచుకోవచ్చు. ఈ చిరుగు వ్యాయామానికి అతుక్కునేది కాదు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ తలూపేవాడు, మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

ఒకరోజు మస్తాన్ గారు నాతో విడిగా మాట్లాడారు. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర వాళ్ళ పేటవాళ్ళు ఖాజా బొమ్మతో ఫ్లెక్సీ కట్టారట. ఫ్యాక్టరీ గేటు దగ్గర తోటి డ్రైవర్లంతా ఎప్పుడు బయల్దేరుతున్నాడని అడుగుతున్నారట.

"నేనే అందరికీ చెప్పుకున్నానమ్మా. ఇప్పుడు ఏమని చెప్పను? వాడు పోయొస్తే చాలు, గెలవకపోయినా ఫర్వాలేదు. ఇంజెక్షనేదన్నా ఉంటదా, ఆ ఒక్క రోజుకి?"

"నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్లు ఉంటాయండి. కీలు జారకుండా ఆపేది లేదు."

ఆయన రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నారు.

సెలవు ముగుస్తుందనగా క్లినిక్‌లో గోడకు బిగించిన కడ్డీ దగ్గర పరీక్ష పెట్టాను. పాదాలు స్టూలు మీద ఉంచి, బరువు కొద్దికొద్దిగా మాత్రమే చేతుల మీదకు తీసుకోమన్నాను. పాదాలు ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. నేను అతని నడుం పట్టుకుని నిలబడ్డాను. తండ్రి పక్కనే ఉన్నారు. బాగానే ఉంది మేడం, బాగానే ఉంది అంటూ ఖాజా ఒక్కసారిగా పాదాలు రెండూ ఎత్తేశాడు.

కీలు జారడం నా చేతులకు తెలిసింది. అతను అరవలేదు. ఎడమచెయ్యి కడ్డీ వదిలేసింది. కుడిచేత్తో వేలాడుతున్నవాణ్ణి నేనూ మస్తాన్ గారూ కలిసి కిందికి దించాం. బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి నెమ్మదిగా తీసుకోమని చెబుతూ ఉంటే కీలు మెల్లగా దాని చోటికి అది వచ్చింది. మస్తాన్ గారు కొడుకు కాళ్ళ దగ్గర నిలబడి ఏడుస్తున్నారు.

ఖాజా కడ్డీ వైపు చూస్తూ అన్నాడు. "పోటీలో మీరు కింద ఉండరు కదా మేడం."

తర్వాత తండ్రిని పిలిచి, "అబ్బా, రిజర్వ్‌లో సుమిత్ ఉన్నాడు. నేను అక్కడిదాకా పోయి పడిపోతే వాడి చోటు కూడా పోద్ది. పేర్లు మార్చే టైమ్ ఇంకా ఉంది," అన్నాడు.

మస్తాన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. "నీ ఇష్టం బేటా. బస్టాండు కాడ నేను చెప్పుకుంటాలే."

మా ఎదుటే కోచ్‌కి ఫోన్ చేశాడు. హిందీలో మాట్లాడాడు. భుజం మొదట జారిన రోజు దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు. కోచ్ ఏదో అన్నాడు, ఖాజా తలొంచుకుని విన్నాడు. తిట్టాడా అని అడిగాను. "లేదు మేడం. ఇన్నాళ్ళూ ఒక్కడివే ఎలా మోసావురా అన్నాడు."

పోటీ రోజు మస్తాన్ గారు పిలిస్తే జగ్గయ్యపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. ఫోన్‌లో వచ్చే ప్రసారాన్ని టీవీకి కలిపారు. కత్తిసాములో సుమిత్ బాగా ఆడాడు. అంతకు ముందు రోజుల్లో ప్రత్యర్థుల అలవాట్లన్నీ ఖాజా అతనికి వీడియో కాల్‌లో చెప్పాడట. రింగుల దగ్గర సుమిత్ తడబడకుండా దాటినప్పుడు ఖాజా గట్టిగా "షాబాష్" అని అరిచి, ఎడమ భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

ఆఖరి పరుగులో సుమిత్ వెనకబడ్డాడు. రెండుసార్లు గురి తప్పింది. ఫైనల్‌కు ఒక్క స్థానం తక్కువయింది.

"నువ్వు పోయుంటే..." అని మస్తాన్ గారు మొదలుపెట్టి ఆగిపోయారు.

"నేను పోయుంటే రింగుల కాడే ఆగిపోయేవాణ్ణి అబ్బా," అన్నాడు ఖాజా. అతని కళ్ళలో నీళ్ళున్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది. లేచి సుమిత్‌కి ఫోన్ చేయడానికి డాబా మీదికి వెళ్ళాడు.

తర్వాత ఆపరేషన్ అయింది. కొన్ని నెలలు నా దగ్గరే వ్యాయామం చేశాడు. చెయ్యి పూర్తిగా పైకి లేస్తోంది, ఈదుతున్నాడు. కానీ ఆ పోటీలకు మళ్ళీ వెళ్ళలేదు. శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళకు కత్తిసాము నేర్పే పని ఇచ్చారు. ఆ పని ఇష్టమేనా అని ఫోన్‌లో అడిగితే, "అలవాటవుతోంది మేడం," అన్నాడు.

మా వృత్తిలో మొదటి ప్రశ్న నొప్పి ఎక్కడ అని. ఖాజా తర్వాత నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను. మొన్న వీరులపాడు నుంచి మిరపకోతలకు పోయే ఒకామె వేళ్ళ నొప్పితో వచ్చింది. ఎన్నాళ్ళుగా అంటే నిన్నటి నుంచే అంది. వాచి బిగుసుకుపోయిన ఆ వేళ్ళు చూస్తే నిన్నటిది కాదని తెలుస్తోంది.

"నొప్పి ఉందని బయటకు చెబితే ఏం పోతుందని భయపడుతున్నావమ్మా?" అన్నాను.

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది.