ఆపరేషనైపోయింది కదా అనుకున్నాం

నాకు కాపర్-టి వేసి పదేళ్లు నిండాయని గుర్తుచేసింది మా ఊరి నర్సమ్మ. "గడువైపోయిందండి. తీయించేసి కొత్తది వేయించుకోండి" అంది. మా ఆయన కువైట్‌లో ఉంటారు, ఏడాదికి ఒక నెల వస్తారు. అమలాపురంలో డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరుతుంటే మా అత్తగారు తోడొస్తానన్నారు.

ఆటోలో దారిపొడుగునా ఆవిడది ఒకటే మాట. "ఇద్దరు పిల్లలున్నారు కదా, నాలాగ ఆపరేషన్ చేయించేసుకోవచ్చు కదమ్మా. ఒక్కసారితో వదిలిపోద్ది."

నాకు కోతంటే భయం. ఆ మాట పైకి చెప్పలేక కాలవ వైపు చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ పాతది తీసి కొత్తది వేశారు. అప్పుడే గర్భసంచి ముఖద్వారం నుంచి చిన్న బ్రష్‌తో నమూనా కూడా తీశారు. "కేన్సర్ రాకముందే పసిగట్టే పరీక్ష ఇది. ఇంతకాలం ఒక్కసారీ చేయించుకోలేదా?" అని అడిగితే లేదన్నాను. ఆవిడ మా అత్తగారి వైపు తిరిగి, "మరి మీరండీ?" అన్నారు.

"నాకెందుకండీ? నాకు ఆపరేషనైపోయి ముప్పయ్యేళ్లైందండి" అని నవ్వారు అత్తగారు.

"అది పిల్లలు పుట్టకుండా చేసిందండి. గర్భసంచి అలాగే ఉంది కదా. దానికొచ్చే జబ్బులు ఆ ఆపరేషన్‌తో ఆగవు."

"ఆయ్" అన్నారు అత్తగారు. నవ్వు మాత్రం ఆగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు, ఊరి మలుపు ఇంకా కాస్త దూరం ఉందనగా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఆటో అతనికి వినపడకుండా అన్నారు: "నాకు ముట్టాగి ఏడేళ్లైంది కదమ్మా. మూడు నెలల్నించి మళ్లీ కనపడతంది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ?"

"ఏమని చెప్పను? ఈ వయసులో సిగ్గు కాదూ?"

ఆటో వెనక్కి తిప్పించాను. డాక్టరమ్మ భోజనానికి లేవబోతున్నావిడల్లా ఆగి, ఆవిడకీ పరీక్ష చేశారు.

రిపోర్టులు పది రోజులకి వస్తాయన్నారు. ఆ పది రోజులూ ఎలా గడిచాయో నాకే తెలియదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఊళ్లోవాళ్లకి బట్టలు కుడతాను నేను; ఒకావిడ జాకెట్టుకి కుడిచెయ్యి ఎడమవైపు కుట్టేసి, విప్పి, మళ్లీ అటే కుట్టాను. అత్తగారు పొద్దస్తమానం కొబ్బరాకులు ముందేసుకుని ఈనెలు చీరేవారు. ఇంట్లో చీపుర్లు పదకొండయ్యాయి.

నా రిపోర్టు బాగానే వచ్చింది. ఆవిడది తేడాగా ఉందని, ఆవిడని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అక్కడ చిన్న ముక్క తీసి మళ్లీ పరీక్షకు పంపారు. మళ్లీ ఎదురుచూపు. చివరికి అక్కడి డాక్టరు తేల్చి చెప్పారు. కేన్సర్ ఇంకా కాలేదు, కానీ ఇలాగే వదిలేస్తే అవుతుంది. గర్భసంచి తీసెయ్యాలి.

"అబ్బాయికి చెప్పకమ్మా, అంత దూరంలో కంగారు పడతాడు" అన్నారు అత్తగారు. నేను దాచలేకపోయాను. ఫోన్‌లో ఆయన, "నేనొచ్చేదాకా ఆగండి. అమ్మ పక్కన నేనుండాలి" అన్నారు.

"ఆగనండి" అన్నాను. ఆయనకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఫోన్ పెట్టేసి ఆవిడ బట్టలు సర్దాను.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆయన వచ్చేసరికి ఆవిడ వీధరుగు మీద కూర్చుని, బరువులెత్తొద్దన్నారని పక్కింటివాళ్లకి ఫిర్యాదు చేస్తున్నారు. మర్నాడు ఉదయం ఆయన నాతో, "ఆగకపోవడమే మంచిదైంది" అన్నారు.

ఆరు నెలలకోసారి పరీక్షకి రమ్మన్నారు. మొదటిది బాగానే ఉంది. రెండోది వచ్చే గురువారం. అత్తగారు కట్టుకెళ్లే చీర అప్పుడే తీసి పెట్టుకున్నారు. నాకు మాత్రం రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.